వకీలమ్మ గురించి అడిగినప్పుడు

వకీలమ్మ సంతాప సభలో మైకు నాకు ఇవ్వలేదు. ఇవ్వరని ముందే తెలుసు. అయినా రెండో వరసలో కూర్చున్నాను. మొదటి వరస వకీళ్లదని చెప్పి నన్ను లేపి వెనక్కి పంపారు కాబట్టి రెండో వరస. కరీంనగర్ కోర్టు ఆవరణలోని హాల్లో ఆమె ఫోటోకు దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. మూడో మనిషిగా లేచినాయన, ఆమె బతికున్న రోజుల్లో ఆమె ఎదురుపడితే ఇంకో వరండాలోకి తప్పుకునే మనిషి, గొంతు సవరించుకుని అన్నాడు: "హైకోర్టు జడ్జి పదవి ఇంటి గడప దాకా వస్తే, నాకొద్దు, నా క్లయింట్లే నాకు ముఖ్యం అని తిప్పి పంపిన త్యాగమూర్తి!"

చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆమె వద్దనలే. సరే అని సంతకం పెట్టి ఇచ్చింది. పైనోళ్లే రానియ్యలే" అన్నాను.

"సార్, కూసోన్రి. ఇది సంతాప సభ, మీ పిటిషన్ కాదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. పక్కన కూర్చున్నాయన ఇంకొకాయనకు "గీయననే ఫిర్యాదుల సారు" అని నన్ను పరిచయం చేయడం కూడా విన్నాను. ఆయనెవరో కనుక్కుని గుర్తుపెట్టుకున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఒకసారి ఒక కాగితం మీద ఢిల్లీ దారి పట్టి మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఇంకో కాగితం మీదికి దాన్ని లాగడం నాకిష్టం లేదు. మేమంతా వకీలమ్మ అనే పిలిచేవాళ్లం.

బెల్లంపల్లి బొగ్గుగని క్వార్టర్లలో పుట్టిన మనిషి. వారమంతా హైదరాబాద్‌లో, హైకోర్టులో ఉండేది. శనివారం పొద్దున కరీంనగర్ వచ్చి, కోర్టు ఎదురు సందులో హోటలు పైన ఉన్న గదిలో మమ్మల్ని చూసేది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, జగిత్యాల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. కూర్చుని ఫైలు చదవడం ఆమెకు చేతకాదు. గోడకు ఆనుకుని, ఒక పాదం చెప్పులోంచి బయటపెట్టి, చల్లటి గచ్చుకు ఆనించి చదివేది. చదువుతున్నంతసేపు ఆ పాదం కదిలేది కాదు. కదిలిందంటే ఫైల్లో ఏదో తప్పు దొరికిందని అర్థం. గెలుస్తామని ఎవరికీ చెప్పేది కాదు. "చదువుకొని పోయి చూద్దాం" అనేది. అందరినీ సార్ అనేది. మేకలు కాసే ముసలాయనను కూడా సార్ అంటే, ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూడటం నేను కళ్లారా చూశాను.

నేను బడిపంతులును. నాకంటే వెనకాల ఉద్యోగంలో చేరినవాణ్ని హెడ్మాస్టర్ చేసి, నన్ను పక్కన పెట్టారు. ఎందుకు పెట్టారో ఆర్డరులో ఒక్క ముక్క రాయలేదు. అడిగితే "పై నుంచి వచ్చింది" అన్నారు. దాని మీద నేను ముప్ఫై ఒక్క పేజీలు రాసుకుని ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. గోడకు ఆనుకుని అన్ని పేజీలూ చదివింది. తర్వాత ఎర్ర పెన్ను తీసింది.

"అక్రమంగా, నిర్దాక్షిణ్యంగా, పగబట్టి... ఇవన్ని ఏడుపులు సార్. జడ్జికి తారీఖులు గావాలె" అంటూ గీతలు కొట్టుకుంటూ పోయింది. ముప్ఫై ఒక్క పేజీల్లో మూడు పేజీలు మిగిలాయి.

"నా బాధ అంత గా కొట్టేసినదాంట్లనే ఉన్నది గదమ్మా" అన్నాను.

"బాధ నా దగ్గర పెట్టిపోన్రి. తారీఖులు నేను కోర్టుకు పట్టుకపోత."

ఆ గీతలు నాకు చాలా రోజులు మంటగానే ఉన్నాయి. కానీ ఆ మూడు పేజీలతోనే గెలిచింది. ఒక మనిషిని పక్కన పెట్టాలంటే పెట్టొచ్చు, కానీ ఎందుకు పెట్టామో ఆ మనిషికి చెప్పాలి, చెప్పకుండా పెట్టడం చెల్లదని ఆమె వాదన. జడ్జి అదే రాశాడు. పదకొండు నెలలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. పదకొండే నెలలు. సర్కారు దాని మీద కూడా అప్పీలు వేసింది. నేను రిటైరైనా అప్పీలు రిటైరు కాలేదు.

ఆ అప్పీలు పని మీద వెళ్లిన ఒక శనివారం ఆమె నన్ను చిన్నబుచ్చింది. పది గంటలకు వెళ్లి కూర్చున్నాను. నాకంటే ముందు ఇద్దరే ఉన్నారు. పన్నెండింటికి నా వంతు వచ్చే సమయానికి ఉట్నూరు వైపు నుంచి ఒకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన్ను లోపలికి పిలిచింది. నేను లేచి, "అమ్మా, ఆయన నా ఎనుక వచ్చిండు. ఈడ గూడ సీనియారిటీ లేదా?" అన్నాను. గది నిండా మనుషులున్నారు.

"మీ ఇల్లు నడిసిపోయే దూరం సార్. ఆయనకు మూడింటికి బస్సు పోతది. ఓపిక పట్టున్రి. పట్టకపోతే ఇంకో వకీలును సూసుకోన్రి" అన్నది ఆమె, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

ఓపిక పట్టాను. మర్చిపోలేదు.

హైకోర్టు పెద్ద జడ్జి ఆమెను పిలిపించి, జడ్జిగా రావడానికి ఒప్పుకుంటారా అని అడిగిన సంగతి ఆమె గుమాస్తా ద్వారా మాకు తెలిసింది. ఒప్పుకుని కాగితం ఇచ్చిందట. ఆ శనివారం గదిలో ఎవరూ తమ కేసు మాట ఎత్తలేదు. మాకు సంతోషమూ ఉంది, మా కేసులు ఏమవుతాయోనన్న భయమూ ఉంది. బట్టల దుకాణం చాచా, ఆమెకు అందరికంటే పాత క్లయింటు, ముందుగా అడిగాడు:

"అమ్మా, జర సమజ్ చెయ్యి. జడ్జీలను ఎవరేస్తరు? ఓట్లేస్తరా, పరీక్ష పెడ్తరా?"

"రెండూ లేవు చాచా. జడ్జీలే జడ్జీలను ఎంచుకుంటరు. మా హైకోర్టుల పెద్దోళ్లు ముగ్గురు కూసొని పేర్లు రాస్తరు. గా కాగితం సర్కారుకు పోతది, ఢిల్లీకి పోతది. ఆడ అన్నిటికన్న పెద్ద కోర్టుల ముగ్గురు చూస్తరు. వాళ్లు సరే అంటే మళ్ల సర్కారుకు. సర్కారు ఒకసారి వాపస్ పంపొచ్చు. వీళ్లు మళ్ల గదే పేరు రాసి పంపితే ఒప్పుకోవాలె."

"మరి గా పెద్ద కోర్టుల కూసునేటోళ్లను ఎవరేస్తరు?"

"గదీ గంతే. ఆడ సీనియర్లు ఐదుగురు. తలుపేసుకొని కూసుంటరు. దేశంల ఉన్న హైకోర్టు జడ్జీలల్ల ఎవల్ని తీసుకొచ్చి తమ పక్క కుర్సీల కూసోబెట్టుకోవాలె అని వాళ్లే అనుకుంటరు. వకీళ్లల్లకెల్లి సీదా తీసుకునుడు ఎప్పుడో ఒకసారి. ఈడ జడ్జి కాకుంట ఆడికి పోవుడు చానా కష్టం."

అంటే ఆమె చూపు ఢిల్లీ దాకా ఉన్నదని నాకు అప్పుడు అర్థమైంది. తప్పేముంది? కానీ నాకు కావాల్సిన సంగతి వేరే.

"సీనియారిటీ లెక్కనేనా అమ్మా?"

"చూస్తరు సార్. గదొక్కటే చూడరు. దాటేసి గూడ తీసుకుంటరు."

"దాటేస్తే, ఎందుకు దాటేసిన్రో ఆ మనిషికి చెప్తరా?"

ఆమె పాదం గచ్చు మీద కదిలింది. "చెప్పాలని లేదు" అన్నది.

"ఎన్ని దినాలల్ల తేలుస్తరు?"

"గడువు లేదు."

చాచా గడ్డం నిమురుకుని, "గిది అచ్చం రిష్తా ముచ్చట లెక్కనే ఉన్నది గదమ్మా" అన్నాడు. "వస్తరు, చాయ్ తాగుతరు, పిల్ల మంచిగున్నది అంటరు. పక్కింట్ల అడుగుతరు, దుకాణంల అడుగుతరు. పోతరు. మళ్ల ఫోన్ చెయ్యరు. వద్దని గూడ చెప్పరు. పిల్ల తండ్రి ఫోన్ పట్టుకొని కూసుంటడు."

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. నవ్వుతుండగానే ఆమె ఫోను మోగింది. బెల్లంపల్లి నుంచి వాళ్ల బాపు. గనిలో చేసి రిటైరైన మనిషి, చెవులు సరిగా వినపడవు, అందుకని ఆయన మాట మాకందరికీ వినపడేది. "కాగితం వచ్చిందా బిడ్డా?" అన్నాడు. "పోయిందే మొన్న బాపూ, వస్తది తియ్" అన్నది ఆమె. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ ఫోను, ఆ ప్రశ్న నేను వింటూనే ఉన్నాను.

కొన్ని వారాలకు ఒకాయన వచ్చాడు. ఆమె లేని రోజు. కింద హోటల్లో చాయ్ తాగుతుంటే నా ఎదురుగా కూర్చున్నాడు. పొట్టి చేతుల చొక్కా, ఒళ్లో హెల్మెట్టు.

"సార్, మీరు పైన వకీలమ్మ దగ్గరికి వస్తుంటరు గదా?"

"మీరెవరు?"

"సర్కారు మనిషినే. జడ్జి పదవికి పేరు పోయింది గద, జర నలుగురినీ అడుగుతున్నం. మామూలు ముచ్చటే. మనిషి ఎట్లుంటది?"

పార్టీలవాళ్లు ఎవరైనా వస్తారా అని అడిగాడు, రారన్నాను. తర్వాత మళ్లీ, "మనిషి ఎట్లుంటది?" అన్నాడు.

నేను శనివారం సంగతి చెప్పాను. పది గంటల నుంచి కూర్చోవడం, ఉట్నూరు ఆయన రావడం, ఇంకో వకీలును చూసుకోమనడం, అన్నీ వరసగా. "ఓపిక తక్కువ. నలుగురి ముందట మనిషిని చిన్నబుచ్చుతది" అన్నాను.

అతడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఇది చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. నేను విద్యాశాఖకు రాశాను, బస్ డిపోకు రాశాను, మున్సిపాలిటీకి రాశాను, కలెక్టరు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో వరసలో నిలబడ్డాను. నేను నోటితో చెబుతుండగా నా ఎదుటే రాసుకున్న ప్రభుత్వ ఉద్యోగి నా జన్మలో అతనొక్కడే. నా మాటకు ఎవరో పెన్ను తీశారన్న సంతోషంలో నేను ఏం మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు.

"ఇంకేమన్న ఉన్నదా సార్?" అన్నాడు.

"ఇంకేం లేదు" అన్నాను.

ఏడాది దాటాక జాబితా వచ్చింది. ఆమెతోపాటు పంపిన పేర్లలో చాలావరకు ఉన్నాయి. ఆమె పేరు లేదు. వద్దన్నారా, ఆపారా, వాపస్ వచ్చిందా, ఎవరి బల్ల మీద ఆగింది? ఏదీ తెలియదు. ఆ జాబితాలో ఒకప్పుడు ఆమె దగ్గర జూనియరుగా చేసినాయన పేరు మాత్రం ఉంది. ఆమె మిఠాయి తీసుకుని ఆయన ఇంటికి వెళ్లి వచ్చిందని గుమాస్తా చెప్పాడు.

అక్కడితో ఆగితే ఎలాగో సర్దుకునేవాణ్ని. మరుసటి ఏడు నా అప్పీలు పిలుస్తారంటే హైదరాబాద్ పోయాను. ఇద్దరు జడ్జిల బెంచి. పెద్దాయన పక్కన ఆ జూనియరే కూర్చుని ఉన్నాడు. మా నంబరు పిలిచారు. ఆమె ఫైలు చేత్తో పట్టుకుని ముందుకు నడిచింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తి, ఆమెను చూసి, కుర్చీలోంచి సగం లేచాడు.

ఎన్నో ఏళ్లు ఆమె గదిలోకి వస్తే లేచి నిలబడిన మనిషి. ఒళ్లు మర్చిపోలేదు. సగం లేచి, ఎక్కడున్నాడో తెలిసి, గౌను సర్దుకుంటున్నట్టుగా మళ్లీ కూర్చున్నాడు. ఎవరూ చూడకముందే ఆమె గబగబా తల వంచి, అందరికంటే కిందికి వంచి, నమస్కారం పెట్టేసింది. ఆయన పక్కనున్న పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు. ఈ కేసు మా ముందు వద్దు, ఇంకో బెంచి ముందు పెట్టండి అన్నారు. నా అప్పీలు మళ్లీ వాయిదా పడింది. బయటికొచ్చాక దాని గురించి గొడవ పెట్టుకుందామనుకున్నాను. వరండాలో ఆమె ఒక స్తంభానికి ఆనుకుని, ఒక చెప్పు విడిచి, ఏ ఫైలూ చేతిలో లేకుండా నిలబడి ఉంది. గొడవ పెట్టుకోలేదు.

ఓపిక తక్కువ అన్నాను నేను. ఆ మాట పుస్తకంలోకి ఎక్కింది. అది ఎంత దూరం పోయిందో, ఎవరు చదివారో నాకు తెలిసే దారి లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఇవ్వదగిన సమాచారం కాదని జవాబు వచ్చింది. అప్పీలు చేశాను. అదే జవాబు, తారీఖు మాత్రం మారింది. ఇంకో రెండు జాబితాలు వచ్చాయి. రెండిటినీ కింద నుంచి పైకి కూడా చదివాను.

చివరికి ఒక శనివారం, అందరూ పోయేదాకా కూర్చుని, లోపలికి పోయాను. గదిలో ఆమె, నేను. బల్ల మీద బాలుషాయి మిఠాయి డబ్బా ఉంది. తీసుకోమన్నది. తీసుకోలేదు. నిలబడే చెప్పాను. హోటలు, హెల్మెట్టు, పుస్తకం, నేనన్న మాట. మూడేళ్లుగా నిద్ర సరిగా పట్టడం లేదని చెప్పాను.

ఆమె కళ్లద్దాలు తీసి, పైట కొంగుతో తుడుచుకుంటూ నవ్వింది.

"మీరు ఐదోవారు సార్."

"ఏందమ్మా?"

"ఐదోవారు. మొదలు మా గుమాస్తా వచ్చిండు. మేడం ఒకసారి ఫైలు ఇసిరేసిందని చెప్పినా, గందుకే ఆగింది అని. తర్వాత ఈ ఇంటి ఓనరు. కారు గేటుకు అడ్డం పెడ్తదని చెప్పిండట. మా ఆడిబిడ్డ వచ్చి ఏడ్సింది. సుట్టాల పెండ్లిళ్లకు రాదు, గర్వం అని చెప్పిందట. నాలుగో మనిషి మన చాచా."

"చాచా ఏం చెప్పిండు?"

"మంచే చెప్పిండు. మా ముసల్మాన్లకు అక్కసొంటిది, మా కేసులు మస్తు చేస్తది అన్నడట. గా మాటనే నా కొంప ముంచిందేమోనని ఆయన ఫికర్. చెడు చెప్పినోళ్లూ పరేషాన్, మంచి చెప్పినోళ్లూ పరేషాన్. ఏది కారణమో ఒకటి చెప్తే, మిగిలిన నలుగురన్న నిమ్మలంగ పండుకుందురు."

నిజం చెబుతున్నాను, నాకు రోషం వచ్చింది. మూడేళ్లు మోసిన తప్పులో కూడా నాకంటే ముందు నలుగురున్నారు.

"కోర్టుకు పోదామమ్మా" అన్నాను. "కారణం చెప్పకుంట పక్కకు పెట్టొద్దని మీరే గదా నన్ను గెలిపించిన్రు."

"మీది నౌకరి సార్. నౌకరిల హక్కుంటది. జడ్జి కావాలనుడు ఎవలకూ హక్కు కాదు. అయినా ఏ కోర్టుకు పోదాం? తలుపేసుకొని కూసున్నది వాళ్లే. మనం కొట్టాల్సిన తలుపు గూడ వాళ్లదే." కళ్లద్దాలు పెట్టుకుంది. "ఇయ్యాల్టితోని నాకు యాభై ఐదు నిండినయ్. వకీళ్లను తీసుకునేది మామూలుగ అంతలోపే. రాసిన చట్టం కాదు గని, ఆనవాయితీ. ఇగ నన్ను ఎవ్వరూ వద్దనాల్సిన పని గూడ లేదు. బాలుషాయి గందుకే. తినున్రి."

"మీ బాపుకు చెప్పిన్రా?"

"ఇంక రాలే బాపూ అనే చెప్తున్న."

నేను ఒకటి తీసుకుని చేతిలో పట్టుకున్నాను. ఆమె తర్వాతి ఫైలు తీసి గోడకు ఆనుకుంది. ఒక పేజీ తిప్పింది. ఉన్నట్టుండి, తల ఎత్తకుండా, మామూలు మాట అడిగినట్టు అడిగింది:

"సార్, గా పుస్తకమాయన అడిగినప్పుడు... నా గురించి మంచి మాట ఏమన్న చెప్పిన్రా?"

చెప్పాను అని అబద్ధమాడితే సరిపోయేది. అప్పటికప్పుడు ఒక అబద్ధం కట్టడం కూడా నాకు రాలేదు. ఇంకేమన్న ఉన్నదా అని అతను అడిగాడు. అతను అడగలేదని కూడా నేను చెప్పలేను.

ఆమె ఇంకో పేజీ తిప్పింది. "పోనియ్యున్రి. మీ అప్పీలు వచ్చే నెల పిలుస్తరేమో, తయారుగ ఉండున్రి" అని మళ్లీ ఫైల్లోకి పోయింది.

మెట్లు దిగుతుంటే ఆమె నాకు చేసినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గెలిచిన రోజు బడికి ఫోను చేసి, ఆర్డరులోని రెండు వాక్యాలు తెలుగులో చెప్పి, నేను మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పడం. నా భార్య ఆస్పత్రిలో ఉన్న వారం, మీరు రావద్దు, నేను చూసుకుంటానని చెప్పడం. ఒకసారి ఒక ఆఫీసులో అధికారి నన్ను నిలబెట్టి మాట్లాడుతుంటే, "ముందు సార్‌కు కుర్సీ ఎయ్యున్రి, తర్వాత మాట్లాడుకుందాం" అని అది వచ్చేదాకా ఆమె కూడా నిలబడే ఉండటం. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో తారీఖులతో సహా చెప్పగలను. ఈ మూడు మాత్రం ఆ రోజు దాకా ఎక్కడున్నాయో తెలియదు.

మరుసటి శనివారం ఇవన్నీ చెబుదామని పెందలాడే వెళ్లాను. ఆమె అప్పీలు గురించి మాట్లాడింది. నేనూ అప్పీలు గురించే మాట్లాడి వచ్చాను.